చావడం తప్ప రాని మాస్టారు

ఇంగ్లీషు మాస్టారు అచ్యుతరామయ్య రోజుకు తక్కువలో తక్కువ నలభైసార్లు చచ్చేవారు. అన్ని చావులూ ఫిల్మ్‌నగర్ బస్తీ బడిలోనే, కంప్యూటర్ ముందే.

హైటెక్ సిటీ కొత్తగా లేచిన రోజులవి. ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీ తను వాడేసిన కంప్యూటర్లు నాలుగు బడికిచ్చింది. రెండు పనిచేశాయి. మాస్టారు వాటిలో ఒక గేమ్ ఎక్కించారు. టోపీవాడొకడు గోతులు దూకుతూ, నిచ్చెనలెక్కుతూ పోవాలి. ఏం చెయ్యాలో పిల్లలు ఇంగ్లీషులో అరవాలి, మీటలు మాస్టారు నొక్కుతారు. తెలుగులో చెబితే మాత్రం ఆయనకు చెవుడొచ్చేది.

"సార్, గుంత! గుంత!"

"ఏంటమ్మా? అర్థం కాలేదే!"

దబ్బున పడేవారు.

"సార్ మళ్ల సచ్చిండు!" క్లాసంతా బల్లలు చరిచేది.

ఆ గోల గోడ అవతల హెడ్‌మిస్ట్రెస్ శకుంతలమ్మకు వినబడేది. భర్త పోయాక ఆమెకు ఇంట్లోనూ బడిలోనూ మాట్లాడేవాళ్లు లేరు. మాస్టారూ ఒంటికట్టే. స్టాఫ్‌రూమ్‌లో ఎవరు పలకరించినా, "గేమ్‌లో రెండు ప్రాణాలే మిగిలాయండీ, మళ్లీ వస్తా" అంటూ జారుకునేవారు.

చివరికి ఒక తండ్రి వచ్చి నిలదీశాడు. "ఆయనకే ఆడరాదు. మా పిల్లలకేం నేర్పుతడు మేడమ్?"

నిజమే అనిపించింది శకుంతలమ్మకు. కంప్యూటర్ల గది మూసేద్దామని మధ్యాహ్నం భోజనాల వేళ తాళం పట్టుకుని బయల్దేరింది.

గుమ్మంలోనే ఆగిపోయింది. మాస్టారు ఒక్కరే ఆడుతున్నారు. టోపీవాడు గాలిలో తేలిపోతున్నాడు. ఒక్క గోతిలోనూ పడడం లేదు!

అంతలో అవతలి తలుపులోంచి మనోజ వచ్చింది. వాళ్ల నాన్న వీరయ్యకు షూటింగుల్లో లైట్లు మోసే పని దొరికితే నల్లగొండ నుంచి వచ్చి చేరిన పిల్ల. రెండు నెలలుగా నోరు విప్పలేదు, ఎవరి పక్కనా కూర్చోలేదు. మాస్టారి పక్కన మాత్రం కూర్చుంది. వెంటనే ఆయన వేళ్లు మొద్దుబారాయి.

"అయ్యో, పడిపోతున్నా! ఏం చెయ్యనమ్మా?"

పిల్ల పెదవులు కదిలాయి. మాట రాలేదు. మాస్టారు పడ్డారు. మళ్లీ పడ్డారు. పదకొండోసారి...

"జంప్."

"వినబడలేదమ్మా!"

"జంప్! జంప్ సార్!"

టోపీవాడు గోతి దాటాడు. మనోజ కిలకిలా నవ్వింది. "ఇంకోపారి ఆడుదాం సార్!"

గంట కొట్టాక ఆ పిల్ల క్లాసుకు పరుగెత్తింది. శకుంతలమ్మ లోపలికొచ్చింది.

"ఇంత మంచిగ ఆడొస్తది గద మీకు! రోజూ ఎందుకు పడుతుండ్రు?"

మాస్టారు దొంగలా నిలబడ్డారు. "నేను గెలిస్తే చూస్తూ కూర్చుంటారండీ. పడిపోతుంటే పాపం, కాపాడాలని నోరు తెరుస్తారు."

ఆమె తాళం బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది. "జర నాకూ చూపియ్యండి."

మొదటి గోతిలోనే పడింది.

"మీరూ కావాలనే పడ్డారా మేడమ్?"

"లేదండీ," అంది శకుంతలమ్మ, మీటల వంక బెదురుగా చూస్తూ. "నాకు నిజంగనే రాదు."