రాహుకాలానికి అందరూ రావాలంట!

నా ఉద్యోగం పర్మనెంటైనట్టు ఆర్డర్ వచ్చింది, నిజమే. కానీ స్వీట్ అడగొద్దండమ్మా! ముందు ఈ టీ తాగతా నా ఏడుపు వినండి. ఆ కంప్యూటర్ ప్రోగ్రామ్ చేసినోడు నా చేతికి దొరకలేదు గానీ, దొరికింటేనా!

మా ఫ్యాక్టరీ మేనేజర్ సారుది డెంకణికోట పక్క. రాహుకాలంలో ఆయన పెన్ను ముట్టడు. బ్రహ్మదేవుడే ఫైలు పట్టుకోని వచ్చినా, "గంటన్నర కూర్చో సామీ" అంటాడు. అందుకే ఆయన కంప్యూటర్ డైరీలో వారం రాహుకాలాలన్నీ నేనే ఎక్కించినాను. రెండేండ్లుగా ఆ స్క్రీన్ చూసి చూసి, గోడమీద క్యాలెండర్ చూడడమే మరిచిపోయినాడు. నా కన్ఫర్మేషన్ ఆర్డర్ మీద ఆయన సంతకానికి టైము కూడా దాంట్లోనే రాసినాను. శుక్రవారం పొద్దున పదికి. పదిన్నరకు రాహుకాలం కదా, దానికి ముందే. ఆ ఒక్క సంతకం కోసం రెండేండ్లు టెంపరరీగా పడున్నాను నేను!

బుధవారం బెంగళూరు హెడ్డాఫీసు నుంచి మెయిల్. పాత ప్రోగ్రామ్ వద్దు, కొత్తది వాడండి. పాతదాంట్లో ఉండేదంతా ఒక ఫైల్‌గా తీసి కొత్తదాంట్లోకి ఇంపోర్ట్ చేయండి, రెండు నిమిషాల పని. రెండు నిమిషాలంట! వాని నోట్లో మన్ను పడ!

సరే, చేసినాను. మధ్యలో ఒక పెట్టె వచ్చి ఏమో అడిగింది. ఎవరు చదువుతారు? 'ఎస్' కొట్టినాను. తీరా చూస్తే శుక్రవారం రాహుకాలం సాయంత్రం నాలుగింటికి! నా సంతకం మధ్యాహ్నం మూడున్నరకు! అన్నీ ఐదున్నర గంటలు జరిగి కూర్చున్నాయి.

నేను తల పట్టుకోని ఉండంగానే షాప్ ఫ్లోర్ సూపర్వైజర్ మునియప్పన్న ఫోన్ చేసినాడు.

"ఏమ్మా సుజాతా, రాహుకాలానికి రమ్మని సారు మెయిల్ పంపినాడే. యాడ పెట్టినారు, కాన్ఫరెన్స్ రూంలోనా?"

"రాహుకాలానికి రమ్మనేదేందన్నా?"

"నాకేం తెలుసు? యాక్సెప్టా, డిక్లైనా అని అడిగింది. పెద్దాయన పిలిస్తే రానంటే బాగుంటుందా? యాక్సెప్ట్ కొట్టేసినా."

ఆ పెట్టె అడిగింది అదంట, అందరికీ పంపాలా అని! ఫ్యాక్టరీలో మెయిల్ ఉన్న ప్రతి ఒక్కరికీ పోయింది. క్యాంటీన్ నుంచి ఎన్ని టీలు పంపాలని అడిగినారు.

మండిపోతా హెడ్డాఫీసు సాఫ్ట్‌వేర్ ఆయనకు ఫోన్ చేసినాను. ఉత్తరాది మనిషి. "మేడమ్, హూ ఈజ్ దిస్ రాహు? రోజూ గంటన్నర మీ సార్‌ని బుక్ చేసుకుంటున్నాడే. చాలా సీనియరా?" అన్నాడు.

"చాలా చాలా సీనియర్" అన్నాను పండ్లు కొరుకుతా.

ఆ ప్రోగ్రామ్ మన టైమును లండన్ టైము అనుకోని, దానికి ఐదున్నర గంటలు కలిపిందంట. ఇండియా అని మార్చి మళ్ళీ ఇంపోర్ట్ చేయమన్నాడు. హోసూరులో కూర్చున్నోళ్ళకు లండన్ టైముతో ఏం పనప్పా! మార్చినాను. కరెక్ట్ టైములు వచ్చినాయి. పాతవి మాత్రం పోలేదు! దినానికి రెండేసి రాహుకాలాలు.

శుక్రవారం పదికి ఆర్డర్ పట్టుకోని పోయినాను. సారు స్క్రీన్ చూసి పెన్ను కింద పెట్టేసినాడు.

"ఏమ్మా, ఒక్క రాహుకాలం ఉన్న దినమే నాకు భయం. ఈ దినం రెండు చూపిస్తా ఉంది!"

"సాయంత్రంది తప్పు సార్, అది లండన్‌ది."

"లండన్ రాహుకాలమైనా రాహుకాలమే కదమ్మా. సోమవారం చూద్దాం పో."

నాకు ఏడుపు, కోపం రెండూ వచ్చినాయి. ఆ సాయంత్రం కూర్చోని, రాహు అనే పేరున్న ప్రతిదాన్నీ చెరిపేసినాను. మంచిదేది, దొంగదేది అని చూడలేదు. మళ్ళీ ఆ పెట్టె! మళ్ళీ 'ఎస్'! మునియప్పన్న వెంటనే ఫోన్ చేసినాడు. "రాహుకాలం క్యాన్సిల్ అయ్యిందంట కదమ్మా, చాలా సంతోషం."

సోమవారం పొద్దున ఎనిమిది నలభైకి సారు స్క్రీన్ తెరిచినాడు. "భలే దినమమ్మా, రాహుకాలమే లేదు!" అని పట్‌మని సంతకం పెట్టేసినాడు. ఎగురుకుంటా ఇంటికి పోయి మా అత్తకు చెప్పినాను.

"ఎన్ని గంటలకు పెట్టినాడు?"

"ఎనిమిది నలభైకి అత్తా."

"సోమారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం కదే!"

"పోనీలే అత్తా, సంతకం పడింది, అది చాలు" అని అప్పుడు ఆర్డర్ మొత్తం చదివినాను. కడాన ఒక లైన్ ఉంది. ఇకమీదట ఫ్యాక్టరీలో అన్ని డిపార్ట్‌మెంట్ల క్యాలెండర్లూ కొత్త ప్రోగ్రామ్‌లోకి ఇంపోర్ట్ చేసే బాధ్యత ఈమెదేనంట!

మొత్తం పద్నాలుగు డిపార్ట్‌మెంట్లు. లోకంలో అందరూ రాహుకాలం తప్పించుకుంటారు. దాన్ని నా చేత్తో క్యాన్సిల్ చేసి, సంతకం పెట్టించుకోని మరీ పర్మనెంట్ చేసుకున్నదాన్ని నేనొక్కదాన్నే!