నన్నారి కలిపిన జిన్ను

ముందే ఒప్పుకుంటున్నాను. గోరంతను కొండంత చేయడం అందరూ చేసే పని. నేను గోరే లేకపోయినా కొండను లేపుతాను. మైపాడులో పడవ ఇంజన్లు బాగుచేయడం నా వృత్తి. ఇంజను ఆగినా నా నోరు ఆగదని మా ఆవిడ సుగుణ అంటుంది. కాబట్టి ఇందులో కొంత కల్పన ఉంది, ఏది కల్పనో చివర్లో చెప్తాను. నా చేతులారా ఒక కాపురాన్ని కూల్చబోయిన మాట మాత్రం నిజం. అదీ ఒక్క గ్లాసు షర్బత్‌తో.

ఏడేళ్ల కిందటి మాట. జిన్ను అనే సీమసారాలో పండ్లు ఊరబెడితే దొరలు తాగే పానీయం అవుతుందని ఫోనులో ఒక వీడియో చూశాను. ఆదివారం బడిలో పిల్లలకు పది ఆజ్ఞలు నేర్పే మనిషిని, బహిరంగంగా చేస్తే బాగుండదు. రెండు సీసాలు తెచ్చి, పాత ఆవకాయ జాడీలో పోసి, గూడూరు నిమ్మతొక్కలు వేశాను. మూడో రోజు రుచి చూస్తే బ్యాటరీ నీళ్లు గుర్తొచ్చాయి. నేరేడు పండ్లు వేశాను. రంగు రాజుల రంగు, నాలుక మాత్రం ఉప్పుకాగితం. ఏలకులు దంచి వేశాను. పెళ్లి పాయసం వాసన. చివరికి నన్నారి వేర్లు, తాటిబెల్లం పడ్డాయి. అంతే! మందు వాసన మాయం. ముక్కు పెట్టి చూస్తే అచ్చం బస్టాండు పక్కన అమ్మే నన్నారి షర్బత్. నా అంతటి మేధావి కోస్తా మొత్తంలో లేడనుకున్నాను. నిజమే, అంతటి వెధవ కూడా లేడు.

"ఏందయ్యా ఆ జాడీలో?" అనింది సుగుణ.

"నన్నారి షర్బత్. ఇంకా ఊరాల."

"షర్బత్ ఊరేదేంది?"

"నీకు తెల్దులే. పెద్ద రకం."

ఆ వారమే మా పెద్దమ్మ పోయింది. మూడో నాడు మా ఇంట్లోనే ఆదరణ కూడిక, అంటే సంతాప ప్రార్థన. నడినెత్తిన ఎండ, వాకిట్లో షామియానా, పెద్దమ్మ ఫోటోకు పూలదండ. నేను పాస్టరు గారిని తీసుకురావడానికి బండి మీద బస్టాపుకు వెళ్లాను. తిరిగి వచ్చేసరికి అందరి చేతుల్లో గ్లాసులు. ఊదారంగు. ఐసు ముక్కలు.

నా గుండె ఇంజన్లో ఇసుక పడ్డట్టు ఆగింది.

"సుగుణా, ఇదెక్కడిది?"

"నీ పెద్ద రకమే. చావింటికి రానోళ్లంతా వచ్చినారు, నిమ్మకాయలు చాల్లా. సగం జాడీ తీసి బిందెడు నీళ్లు కలిపినా. బాగుందంటన్నారు గదా!"

నా కళ్లు యాకోబును వెతికాయి. యాకోబు నా చిన్ననాటి స్నేహితుడు, పడవ మీద వేటకు పోతాడు. ఒకప్పుడు సముద్రంలో ఉప్పు ఎంతో అతని ఒంట్లో సారా అంత. అప్పటికి నాలుగేళ్లుగా చుక్క ముట్టలేదు. మళ్లీ ఒక్కసారి నోట వాసనొస్తే ఇద్దరు ఆడపిల్లల్ని తీసుకుని గూడూరులో పుట్టింటికి పోతానని అతని భార్య మార్తమ్మ బైబిలు మీద చెయ్యేసి చెప్పింది. అది సంఘమంతటికీ తెలుసు.

యాకోబు దాహం మీద ఒక్క గుక్క మింగాడు. అంతే, గ్లాసు కింద పెట్టేశాడు. మార్తమ్మ వచ్చి అతని మొహం దగ్గర మొహం పెట్టింది. నన్నారి వాసన ఎవరైనా పసిగడతారు. దాని కింద దాక్కున్నది మాత్రం, మొగుడి ఊపిరిలో కలిశాక, పన్నెండేళ్లు దానితో కాపురం చేసిన ఆమెకే తెలుసు.

"తాగొచ్చినావు," అనింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"లేదు మార్తా, ఈ షర్బత్తే..."

"అందరం అదే తాగితిమి గదా! మాకేం కాలేదే!" అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు.

నేను ముందుకు దూకాను. "అమ్మా మార్తమ్మా, అది షర్బత్ కాదు, జిన్ను! నేనే ఊరబెట్టినా!"

మార్తమ్మ నా వైపు జాలిగా చూసింది. "పోయిన నెల సొరచేప పడవను మింగిందని చెప్పినావు. అంతకుముందు నీ ఇంజను నీళ్లతోనే నడిచిందంటివి. ఇప్పుడిదా అన్నా?"

పాస్టరు గారు గ్లాసు వాసన చూసి నా భుజం తట్టారు. "రాజూ, స్నేహితుడి కోసమైనా అబద్ధం అబద్ధమే నాయనా."

జీవితంలో మొదటిసారి నిజం చెప్పాను. కొనే నాథుడు లేడు.

అప్పుడే ముప్పై ఏళ్లుగా నవ్వని ఎస్తేరవ్వ మూడో గ్లాసు ముగించి, చావుపాట మధ్యలో లేచి, కొంగు బిగించి చిందేసింది. "ఇంగో గ్లాసు పోయండబ్బా!" అని కేకేసింది. జనం నోళ్లు తెరిచారు. పాస్టరు గారు తన గ్లాసు గబుక్కున కుర్చీ కింద దాచారు. మార్తమ్మ పుట్టింటికి పోదామని అందుకున్న సంచీ కింద పెట్టి, కన్నీళ్లతోనే నవ్వింది. గండం గడిచింది. ఇకపై ఈ చేతులతో ఉప్పునీళ్లలో నిమ్మకాయ తప్ప మరేదీ ఊరబెట్టనని పెద్దమ్మ ఫోటో సాక్షిగా ఒట్టేశాను.

ఇక మాట ప్రకారం ఏది కల్పనో చెప్పాలి. ఎస్తేరవ్వ చిందెయ్యలేదు. అర గ్లాసు తాగి, తీపి తక్కువైందనింది, అంతే. మార్తమ్మ పిల్లల్ని తీసుకుని ఆ మధ్యాహ్నమే బస్సెక్కింది.

పది రోజులు యాకోబు వేటకు పోలేదు. ఒడ్డున ఒరిగిన పడవకు వీపు ఆనించి, సారా దుకాణం వైపు కాకుండా సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు. పగలంతా నేను కాపలా ఉన్నాను. నాతో ఒక్క మాట మాట్లాడలేదు. పదకొండో రోజు మిగిలిన సగం జాడీ ఒళ్లో పెట్టుకుని గూడూరు వెళ్లాను.

మార్తమ్మ జాడీ వాసన చూసింది. "నన్నారి," అనింది.

ఆమెను తాగమనలేను. ఇక మిగిలింది నేనే. నీళ్లు కలపకుండా, ఆమె కళ్ల ముందే, వాళ్ల వాకిట్లో నిలబడి తాగాను. ఎన్ని గ్లాసులో గుర్తులేదు. అక్కడున్న నిమ్మకాయల బస్తాల మీద బోర్లా పడ్డానట. ఆమె నా మీద గోనెపట్టా కప్పి, పిల్లల్ని లేవదీసి, మైపాడు దారి పట్టిందట.

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. నా నిజం నేను నిలబడలేక పడ్డాకే తెలిసింది.

యాకోబు ఇప్పుడు మాట్లాడతాడు. కానీ మా ఇంట్లో మంచినీళ్లిచ్చినా ముందు నన్ను తాగమంటాడు. కాసేపు ఆగి, నేనింకా నిలబడే ఉన్నానో లేదో చూసుకుని, అప్పుడే గ్లాసు ఎత్తుతాడు.