కళ్లు మూసుకునే మాస్టరు

ఆ హోటల్లో వంటమాస్టరు రుచి చూసేటప్పుడు కళ్లు గట్టిగా మూసుకుంటాడు. కళ్లు అబద్ధాలాడతాయట, నాలుక అబద్ధమాడదట. తోడబుట్టిన తమ్ముడికి దేశదేశాల రుచులు నేర్పేదీ అలాగే. సోయా, అల్లం, నువ్వుల నూనె ఒక దేశం. నిమ్మ, పుదీనా, ఆలివ్ నూనె ఇంకొకటి. తడబడితే ఇనప గరిటె వేళ్ల కణుపుల మీద పడుతుంది. ఇవాళ తమ్ముడు చిన్న గిన్నెలోని టమాటా గుజ్జులో తులసాకు వెయ్యాల్సింది పోయి జీలకర్ర వేశాడు. మాస్టరు ఒక చెంచా రుచి చూశాడు.

"రెండు దేశాలకీ తగువు పెట్టావు కదరా. ఉప్పూ లేదు," అంటూ గరిటెతో మూతి మీద కొట్టాడు మాస్టరు. తమ్ముడు గిన్నె మీదికి తూలాడు. మాస్టరు అప్పటికే కళ్లు మూసుకుని, మరో చెంచా నోట్లో పెట్టుకున్నాడు.

"ఇప్పుడు సరిపోయింది ఉప్పు. ఎప్పుడేశావు?"

"నేనెయ్యలేదన్నా. పెదవి పగిలి నెత్తురు అందులో కారుతోంది. చూడు."

మాస్టరు ఎంతకీ కళ్లు తెరవలేదు.