మైకక్క ఇంటి గొంతు

మా మేనత్తని బస్టాండులో ఎవరూ పేరుతో పిలవరు. మైకక్క. డ్రైవర్లకి మైకక్క, పేపర్ల కొట్టాయనకి మైకక్క, కొత్తగా బదిలీ మీద వచ్చిన ఆఫీసరు కూడా వచ్చిన మర్నాడే "మైకక్క గారూ" అనడం మొదలుపెట్టాడట. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదుందో, ఏది లేటో, ఎవరి పిల్లాడు తప్పిపోయి ఆఫీసు గదిలో ఏడుస్తున్నాడో చెప్పే గొంతు ఆవిడదే. ఆ గొంతు వింటే బస్సు తప్పిపోయినవాడికి కూడా కోపం రాదు. "దయచేసి" అనే మాటని మా అత్తంత మెత్తగా ఇంకెవరూ అనలేరు, పందెం.

ఇంట్లో ఆవిడకి ఇంకో గొంతుంది. దాన్ని టేపులో పట్టుకోవడానికి నేను పడ్డ పాట్లు తలుచుకుంటే ఇప్పటికీ జుట్టు పీక్కోవాలనిపిస్తుంది.

మా మామయ్య టైలరు. ముందు గదిలో దుకాణం, వెనక రెండు గదుల్లో కాపురం. కుట్టుమిషను ఎక్కడుంటుందంటే, సరిగ్గా ముందు గదికీ వంటగదికీ మధ్య గుమ్మం పక్కన. అక్కడే వెలుతురు బాగుంటుందని మామయ్య అంటాడు. దాంతో పెళ్ళయిన దగ్గర్నుంచీ అత్త ఏం చెప్పినా ఆ మిషను చప్పుడు మీదుగానే చెప్పాలి. అలా అలవాటైపోయి ఇంట్లో ఆవిడ గొంతు పైకెక్కిపోయింది. పైకెక్కడమంటే మామూలుగా కాదు, వీధి చివర ఉన్నవాళ్ళకి కూడా మామయ్య ఆ పూట ఏం తప్పు చేశాడో తెలిసిపోతుంది. మామయ్యని ఏవండీ అనదు. "ఓ మహానుభావా!" అంటుంది. "ఓ మహానుభావా, తమరు ఆ చొక్కా చేతులు రెండూ ఒకే వైపు కుట్టారు, తొడుక్కునేవాడికి రెండూ ఎడమ చేతులేనా?" ఇదీ వరస. మామయ్య తలెత్తకుండా "ఊఁ" అంటాడు.

అలాంటి మనిషికి గొంతులో గడ్డ అన్నారు. పెద్దాసుపత్రి డాక్టరు ఫొటోలు చూసి స్వరపేటిక మొత్తం తీసెయ్యాలి, తీశాక మాట ఉండదు, వచ్చే వారమే చేరిపొమ్మన్నాడు. బయటికొస్తూ అత్త అన్న మొదటి మాట, "పోన్లే, మీ మామయ్యకి హాయి." మా నాన్న నవ్వలేక ఏడవలేక గోడ వైపు తిరిగాడు.

మర్నాడే మామయ్య మా ఇంటికొచ్చాడు. మెళ్ళో కొలతల టేపు అలాగే వేలాడుతోంది, తీయడం కూడా మర్చిపోయాడు పాపం.

"ఏమ్మా, నీ దగ్గర ఆ డబ్బా ఉంది కదా?"

ఉంది. ఇటుకంత సైజు కేసెట్ రికార్డరు, భుజానికి తగిలించుకునే పట్టీతో, లోపలే చిన్న మైకు. నాకు అదంటే ప్రాణం. మా కాలేజీ లెక్చరర్ల పాఠాలు, పక్కింటి తాతగారి గురక, రైలుగేటు గంట, దేన్నీ వదల్లేదు. అందుకే అత్త నన్ను టేపుపిల్ల అంటుంది.

"మీ అత్తని కొంచెం పట్టి పెట్టవే," అన్నాడు. "బస్సులవీ కాదు. ఇంట్లోది. నన్ను తిడుతుంది చూడు, అది."

ఇంతకన్నా తేలిక పని ఇంకోటుందా అనుకున్నా. రోజంతా తిట్టే మనిషిని రికార్డు చెయ్యడానికి ఏం కష్టం? కొత్త కేసెట్లు, కొత్త బ్యాటరీలు వేసుకుని ఎగురుకుంటూ వెళ్ళా.

మొదటి రోజు అత్త ఎదురుగా స్టూలు వేసి రికార్డరు పెట్టా. మామయ్య పెద్దమనిషి తరహాలో మిషను ఆపేసి చేతులు కట్టుకు కూర్చున్నాడు. ఇల్లంతా నిశ్శబ్దం. ఎర్ర బటన్ నొక్కా. అంతే, మా అత్త నడుం నిటారుగా పెట్టింది, గోటితో మైకు మీద టక్కుటక్కుమని తట్టింది, గొంతు సవరించుకుంది.

"అందరికీ నమస్కారం. నా ఆరోగ్యం గురించి ఆందోళన చెందవద్దని దయచేసి మనవి."

"అత్తా! మామూలుగా మాట్లాడు!"

"మామూలుగానే మాట్లాడుతున్నానుగా," అంది, అదే మెత్తటి గొంతుతో. అప్పటికే గొంతులో జీర ఉంది, మైకు కనపడితే అదెలా దాచేదో ఏమిటో. మనవి, విజ్ఞప్తి, కృతజ్ఞతలు, అన్నీ అయ్యాయి. బొటనవేలితో టప్పున నా రికార్డరు ఆపేసింది. ఆపేసి మామయ్య వైపు తిరిగి, "ఓ మహానుభావా, నోరు తెరుచుకుని చూస్తారేం? ఇవాళ ఇవ్వాల్సిన ప్యాంటుకి జిప్పు నేను కుట్టాలా?"

నేనూ మామయ్యా మొహమొహాలు చూసుకున్నాం. అదీ, సరిగ్గా అదీ మాక్కావలసింది!

"అత్తా, ఎందుకాపావ్?"

"నేనా? నేనెక్కడ ఆపాను?" నిజంగానే తెలియదు ఆవిడకి.

దీనికో కథ ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి ప్రకటన చదివాక స్విచ్ ఆపడం మర్చిపోయి, పక్కనే కూర్చుని బస్సుల రాకపోకలు రాసుకునే కంట్రోలరుతో తన అత్తగారి గురించి మనసులో ఉన్నదంతా కక్కేసిందట. బస్టాండంతా విన్నది. మూడో ప్లాట్‌ఫారం మీద బస్సు కోసం నిలబడ్డ అత్తగారు కూడా విన్నది. ఇంక ఆ రోజు నుంచీ మనసులో మాట నోటిదాకా వచ్చేలోపల ఆవిడ బొటనవేలు స్విచ్ దగ్గరికి వెళ్ళిపోతుంది. చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది, ఆవిడకి తెలియదు. అసలు మాట అంటే ముందు మైకు ఆగాల్సిందే. ఇలాంటి మనిషిని ఎవడు రికార్డు చెయ్యగలడు చెప్పండి!

రెండో రోజు దొంగదారి పట్టా. మిషను కింద గుడ్డముక్కల బుట్టలో రికార్డరు దాచి, మామయ్యని మామూలుగా కుట్టుకోమన్నా. మిషను చప్పుడు ఉంటేనే కదా ఆవిడ అరుస్తుంది. అనుకున్నట్టే అరిచింది కూడా, దివ్యంగా అరిచింది. కాలర్ల గురించి, కాజాల గురించి, టీ గ్లాసు మిషను మీద పెట్టడం గురించి. నేను వంటగదిలో నిలబడి లోపల్లోపల గంతులేశా.

ఇంటికెళ్ళి వింటే ఏముంది? గడగడగడగడ. నా డబ్బాలో ఒక తెలివి ఉంది, పెద్ద చప్పుడొస్తే తనంతట తనే మిగతావన్నీ తగ్గించేస్తుంది. మిషను దాని చెవి పక్కనే ఉందాయె. మామయ్య తొక్కడం ఆపినప్పుడల్లా అత్త కూడా ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ఇన్నేళ్ళ కాపురంలో ఇద్దరికీ అలా జోడీ కుదిరిపోయింది. కేసెట్ అంతా కలిపి నాకు స్పష్టంగా వినపడిన మాట ఒక్కటే, మామయ్య "ఊఁ".

బ్యాటరీలు విసిరి కొట్టా.

ఆ తర్వాత బస్టాండుకి పోయా, ఆవిడ ఉద్యోగానికి ఆఖరి రోజు. ప్రకటనల గది అంటే అద్దం కిటికీ ఉన్న అగ్గిపెట్టె. ఒక బల్ల, బల్ల మీద మైకు, పక్కన కంట్రోలరు కుర్చీ, గోడలకి చప్పుడు పీల్చే అట్టలు. ప్రకటనకీ ప్రకటనకీ మధ్య ఇద్దరూ ఊళ్ళో సంగతులన్నీ చెప్పుకుంటారు. అక్కడైనా దొరక్కపోతుందా అని డబ్బా బల్ల మీద పెట్టా.

"మిల్లు మీదుగా రేవుకు వెళ్ళవలసిన బస్సు ఐదవ ప్లాట్‌ఫారం నుండి బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది." తేనె! చెయ్యి వెళ్ళింది, తన మైకు ఆపింది, అదే ఊపులో నాది కూడా ఆపింది. "ఒరేయ్, ఆ రేవు బస్సు డ్రైవరు మళ్ళీ గడ్డం గీసుకోలేదు చూశావా, పెళ్ళాం పుట్టింటికెళ్ళినట్టుంది."

"నువ్వు వెళ్ళిపోతే నాకీ కబుర్లు ఎవరు చెప్తారే అక్కా," అన్నాడు కంట్రోలరు.

"రేడియో కొనుక్కో."

నేను మళ్ళీ ఆన్ చేశా. ఆవిడ మళ్ళీ ఆఫ్ చేసింది. చివరికి కంట్రోలరు "ఎందుకమ్మా నీకీ కష్టం, ఆ బటన్ అరిగిపోతోంది" అని నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది.

తిరిగొస్తుంటే అత్త దారిలో ఆగింది. "టేపుపిల్లా, పడితే నా ప్రకటనలు పట్టవే. మీ మామయ్య ఒక్కనాడూ బస్టాండుకొచ్చి వినలేదు. ఊరంతా విన్న గొంతది. వంటింట్లో అరిచేది కూడా ఒక గొంతేనా, నా పరువు తియ్యడానికి కాకపోతే."

ఆయనకేమో అది కావాలి, ఈవిడకేమో ఇది ఇవ్వాలి. మధ్యలో నేను, చేతిలో డబ్బా! కొంచెం గట్టిగా అరిస్తే నా గొంతు పోయేలా ఉంది.

ఆసుపత్రిలో చేరే ముందు రోజు సాయంత్రం కొత్త కేసెట్ వేసి, తిరుగుతోందో లేదో చూద్దామని ఇస్త్రీ బల్ల మీద ఆన్ చేసి పెట్టా. మామయ్య మిషను మూతేసి ఉంది. అత్త సంచీ సర్దుతూ, "కాసేపు కూర్చుని నా ప్రకటనలు చదువుతా, ఇది పట్టుకుంటుంది, మీరు వింటూ ఉండొచ్చు" అంది.

మామయ్య ఎప్పుడూ ఎదురుచెప్పడు. ఆ రోజు చెప్పాడు. "నాకు బస్సులొద్దు. నేనెక్కడికీ పోవాల్సింది లేదు. నాకు నువ్వు కావాలి."

"నేను కాదా అది? మరి ఎవర్ది?"

"అది అందరిదీ."

సంచీ కింద పెట్టేసింది. "అందరిదీ! అవును, అందరూ విన్నారు, మీరు తప్ప. ఇంట్లో నేను అరవడం నాకు సరదా అనుకున్నారా? మామూలుగా చెప్తే ఎప్పుడైనా విన్నారా? గొంతు నొప్పిగా ఉందండీ అని నెల రోజులు చెప్పాను. మిషను తొక్కుతూ ఊఁ అన్నారు. ఇంకోసారి చెప్పాను. ఊఁ. అప్పుడు కూడా అరిచి చెప్పాల్సిందా నేను?"

మామయ్య వేళ్ళకున్న దారప్పోగు లాక్కుంటూ ఉండిపోయాడు. అప్పుడు చూశాడు, ఇస్త్రీ బల్ల మీద నా డబ్బా ఎర్రలైటు.

"అది తిరుగుతోందా?"

తిరుగుతోంది! వెనక్కి తిప్పి వినిపించా. అద్దంలా ఉంది. చప్పుడు లేదు, మనవి లేదు, విజ్ఞప్తి లేదు. జీరతో సహా, ఏడుపు మింగడంతో సహా మా అత్త ఇంటి గొంతు. అంత బాగా నేను జన్మలో ఏదీ రికార్డు చెయ్యలేదు.

చివరి ఊఁ దాకా మామయ్య విన్నాడు.

"చెరిపెయ్యమ్మా."

"మామయ్యా! నువ్వడిగింది ఇదే కదా!"

"ఇదే. చెరిపెయ్."

"నా దగ్గర ఇంకో కేసెట్ ఉంది, ప్రకటనలు దానిమీద చదువుతుంది. దీన్ని నేను దాచుతా. నీకు ఇవ్వను, సరేనా? ఎప్పటికైనా..."

"ఉందని తెలిస్తే వచ్చి అడుగుతానమ్మా," అన్నాడు. "విన్న రోజున కత్తెర పట్టలేను."

అత్త వైపు చూశా, నువ్వైనా చెప్పవే అన్నట్టు. ఆవిడ మామయ్యనే చూస్తోంది. కాసేపటికి వచ్చి రికార్డరు తన ముందుకి జరుపుకుంది. "ఇదే కేసెట్ మీద, మొదట్నుంచీ పెట్టు," అంది. పెట్టా. ఏం చెయ్యను, పెట్టా! గోటితో తట్టింది. "ప్రయాణికులకు విజ్ఞప్తి." ఒక్కో బస్సూ, ఒక్కో ప్లాట్‌ఫారం, బస్సు కదిలే టైమిచ్చి మరీ చదువుతుంటే ఇందాకటి మాటలన్నీ ఒక్కొక్కటీ వాటి కిందికి చెరిగి వెళ్ళిపోవడం నాకు కనపడుతున్నట్టే ఉంది. మామయ్య మాత్రం చెంపకి చెయ్యి ఆనించుకుని, మొదటిసారి, ఆఖరి బస్సు దాకా విన్నాడు. "బాగా చెప్తావు," అన్నాడు. ఆవిడ అప్పటికే ఆఫ్ చేసేసింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికొచ్చింది, మెడకి గుడ్డ చుట్టుకుని తిరుగుతోంది. మామయ్య ఆ కేసెట్‌ని మిషను పక్కన పెట్టుకుని వింటాడు. మిషను తొక్కుతుంటే అది వినపడదు కదా, ప్రకటన వచ్చినప్పుడల్లా ఆపేస్తాడు. చొక్కాలన్నీ లేటు. మొన్న నేను వెళ్ళినప్పుడు ప్యాంటు కోసం వచ్చినాయన గుమ్మంలో నిలబడి విసుక్కుంటున్నాడు, మామయ్య కళ్ళు మూసుకుని రేవు బస్సు వింటున్నాడు. అత్త లోపల్నుంచి కొలబద్ద పట్టుకొచ్చి మిషను బల్ల మీద ఠాప్ ఠాప్ ఠాప్ అని కొట్టింది. మామయ్య ఉలిక్కిపడి టేపు ఆపేసి తొక్కడం మొదలెట్టాడు. ఆవిడ ఆగలేదు. ఆ కాలర్ చూపించి ఠాప్. ఆ గ్లాసు చూపించి ఠాప్ ఠాప్.

"ఊఁ," అన్నాడు మామయ్య. తర్వాత నా వైపు తిరిగి మెల్లిగా, "ఇది పట్టమ్మా."

పట్టా. ఇంటికొచ్చి విన్నా. గడగడగడగడ. కొలబద్ద దెబ్బేదో మిషను దెబ్బేదో ఎంత విన్నా తెలియట్లేదు. మామయ్య రోజూ కబురు పెడుతున్నాడు, కేసెట్ ఏదీ అని.