జెర అంటే ఎంత

కల్పలత పందొమ్మిదేళ్లుగా తెలియని ఇళ్ల తలుపులు తడుతోంది. అది ఆమె ఉద్యోగం. సర్వే ఫారాలు పట్టుకుని ఇంటింటికీ వెళ్తుంది. ప్రశ్న చదువుతుంది. జవాబు విని, సరిపోయే అంకెకు సున్నా చుడుతుంది. దోమతెరల గురించి అడిగింది. గ్యాస్ పొయ్యిల గురించి అడిగింది. తాగే నీళ్ల గురించి మూడుసార్లు అడిగింది.

ఆ రిపోర్టులన్నీ అచ్చయ్యాయి. వేటిలోనూ ఆమె పేరు లేదు. మొదటి పేజీలో సూపర్‌వైజర్ పేరు ఉంటుంది. దాని కింద, సర్వే చేసిన బృందానికి కృతజ్ఞతలు అని ఒక వాక్యం ఉంటుంది. ఆమె ప్రతి రిపోర్టునూ మౌలాలిలో తన ఇంటికి తెచ్చి భర్త బ్రహ్మచారికి చూపించేది. ఆయన వడ్రంగి. చేతికంటిన రంపపు పొట్టు దులుపుకుని ఆ పేజీ పట్టుకునేవాడు.

"ఏడున్నవే దీంట్ల?"

"ఇగో. ఈ బృందంల."

ఆయన ఆ మాట మీద వేలు పెట్టి కాసేపు చూసి, పుస్తకం తిరిగి ఇచ్చేసేవాడు.

ఈసారి సర్వే ఫోన్‌లో ఆడే ఆటల మీద. పిల్లల గురించి కాదు. పెళ్లయి, ఉద్యోగం చేస్తూ, సాయంత్రమయ్యేసరికి ఫోన్‌లో తుపాకులు పట్టుకునే పెద్దవాళ్ల గురించి. ఆ ఆట వాళ్ల మనసును ఏం చేస్తోంది, ఇంటిని ఏం చేస్తోంది అన్నది తెలుసుకోవాలి. ఆఫీసు తిరుమలగిరిలో, ఫౌజీ బట్టలు కుట్టే దుకాణం పైన. పరిశోధన హరికిషన్ సార్‌ది. మొదటి విడతకు ఇద్దరినే తీసుకున్నాడు, కల్పలతను, దేవిని. రెండో విడతలో పన్నెండుమంది వస్తారని, వాళ్ల మీద సూపర్‌వైజర్‌గా ఈ ఇద్దరిలో ఒకరిని పెడతానని మొదటి రోజే చెప్పాడు.

ఆ రోజు కల్పలత దేవి వైపు చూడను కూడా లేదు. చూడాల్సిన అవసరం కనిపించలేదు.

దేవికి ఇరవై ఆరేళ్లు. విజయనగరం వైపు పిల్ల. అన్న బాబ్జీకి ఇక్కడ ఉద్యోగం దొరికితే అతని వెంట వచ్చింది. కల్పలతను అప్పా అని పిలిచేది. వాళ్ల వైపు అక్కను అలాగే అంటారట. ఆ పిలుపు కల్పలతకు నచ్చలేదు. తనకంటూ ఎవరూ పెట్టని పేరుతో ఎవరో పిలుస్తున్నట్టు ఉండేది.

రెండో వారం నుంచి తేడా తెలిసింది. కల్పలత గుమ్మంలో నిలబడి అడిగి పదిహేను నిమిషాల్లో బయటపడేది. దేవి లోపలికి వెళ్లి కింద కూర్చునేది. ముందు ఆ ఆట నాకు నేర్పండి అనేది. ఓడిపోయేది. వాళ్లు నవ్వేవాళ్లు. ఆ తర్వాత ఫారం తీసేది. ఆమె ఫారాలు నిండుగా వచ్చేవి. కల్పలత వెళ్లిన వీధిలోనే దేవికి చాయ్ దొరికేది. ఒక ఇంట్లో సకినాలు పొట్లం కట్టి ఇచ్చారు. దేవి వాటిని ఆఫీసులో పంచింది. కల్పలత ఒకటి తీసుకుని సంచిలో వేసుకుంది. ఇంటికి వెళ్లాక కూడా తినలేదు.

ఫారంలో పద్నాలుగో ప్రశ్న ఇది: మీతో ఆడేవాళ్లు మీకంటే బాగా ఆడి గెలిస్తే మీకు ఎంత ఈర్ష్య కలుగుతుంది? కింద ఒకటి నుంచి అయిదు దాకా అంకెలు. ఒకటి అంటే అస్సలు లేదు. రెండు అంటే కొంచెం. అయిదు అంటే చాలా ఎక్కువ. అంకెల కింద ఒక ఖాళీ బాక్సు. జవాబు చెప్పినవాళ్లు ఏ మాటలు అన్నారో ఆ మాటలే అందులో రాయాలి.

మొదటి విడత అయ్యాక తనిఖీ. ఒకరు వెళ్లిన ఇళ్లలో కొన్నిటికి మరొకరు మళ్లీ వెళ్లి అవే ప్రశ్నలు అడగాలి. రెండు జవాబులూ కలిస్తే సర్వే నిలబడినట్టు. దేవి ఫారాలు కల్పలతకు, కల్పలత ఫారాలు దేవికి ఇచ్చారు.

కల్పలత ఆ కట్టను ఇంటికి తీసుకెళ్లి బియ్యం ఏరినట్టు చూసింది. వెళ్లని ఇంటికి వెళ్లినట్టు రాసిందేమోనని వెతికింది. ఒకే రోజు మరీ ఎక్కువ ఇళ్లు ఉన్నాయేమోనని తేదీలు చూసింది. లేవు. అప్పుడు పద్నాలుగో ప్రశ్న దగ్గర ఆగింది. ఒక ఫారంలో రెండుకు సున్నా. కింద దేవి గుండ్రటి రాత: జెర మండుతది. తర్వాతి దానిలోనూ రెండు. జెర కుళ్లు అనిపిస్తది. ఆ తర్వాతి దానిలోనూ అంతే. లెక్కపెట్టింది. ముప్పై ఒక్క జెరలు. ముప్పై ఒక్క రెండులు.

ఆమె పెదవుల మీదికి నవ్వు వచ్చింది. పందొమ్మిదేళ్లలో ఏ ఫారం చూసీ అలా నవ్వలేదు.

మర్నాడు లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌కు వెళ్లింది. దేవి ఫారాల్లో ఉన్న దయాకర్ అక్కడి వర్క్‌షాపులో ఫిట్టరు. తలుపు తీసిన అతని భార్య యామిని, కల్పలత వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తొంగి చూసి, ఆ దేవి మేడం రాలేదా అని అడిగింది. రాలేదని చెప్పి కల్పలత ఈసారి లోపలికి వెళ్లి కూర్చుంది. పద్నాలుగో ప్రశ్న అడిగింది.

దయాకర్ చెప్పులు చూసుకుంటూ అన్నాడు. "జెర మండుతది మేడం. గంతే."

"జెరనా?" యామిని వంటింటి గుమ్మంలో నిలబడింది. "మా తమ్ముడు కొత్తిల్లు కట్టుకుంటే గృహప్రవేశానికి సుత రాలే ఈయన. ఎందుకో తెల్సా మేడం? ముందటి దినం ఫోన్ల వాడు గెలిచిండని."

"ఆ రోజు కడుపుల నొచ్చింది నాకు."

"నొచ్చుడు కాదు. మండుడు."

దయాకర్ నవ్వాడు. కల్పలత అయిదుకు సున్నా చుట్టింది. తనిఖీ చేయాల్సిన పదిహేను ఇళ్లలో పదమూడు ఇళ్లు అలాగే తేలాయి.

శనివారం ఆఫీసులో ఆ పదిహేను ఫారాలనూ దేవి ఫారాల పక్కన పరిచింది. హరికిషన్ సార్ అద్దాలు పెట్టుకుని రెండు వరుసలూ చూశాడు.

"ఈడ జెర అంటే కొంచెం కాదు సార్," అంది కల్పలత. "మస్తున్నప్పుడే జెర అంటరు. చెప్పుకోనీకి సిగ్గయితది కదా."

దేవి ముఖం తెల్లబోయింది. "మా వైపు ఆ మాట లేదు సార్. జెర అంటే కొంచెమని ఎవరో చెప్పారండి. ఈ ప్రశ్న ఎవరినడిగినా జెర అనే అన్నారు. ఈ ఊరోళ్లు ఎంత నెమ్మదస్తులో అనుకున్నాను."

సార్ నవ్వలేదు. ముప్పై ఒక్క జవాబులు తప్పయితే లెక్క మొత్తం మారిపోతుందని, ఇది పట్టుకున్నందుకు కల్పలతకు తాను రుణపడి ఉన్నానని అన్నాడు. కల్పలత కుర్చీలో వెనక్కి ఆనుకుంది. అచ్చులో తన పేరు ఏ అక్షరాల్లో ఉంటుందో ఆమెకు అప్పుడే కనిపించింది.

అప్పుడు ఆయన ఆమె ఫారాల కట్ట తెప్పించాడు. సరిపోల్చుకోవడానికి. ఒకటి తిప్పాడు. ఇంకొకటి తిప్పాడు. పది తిప్పాడు.

"కల్పలతమ్మా, బాక్సులన్నీ ఖాళీ ఉన్నయేంది?"

ఆమెకు వెంటనే అర్థం కాలేదు.

"మీ ఇండ్లల్ల ఎవ్వలు జెర అనలేదా?"

"అన్నరు సార్. నాకు సమజైతది కదా. నాలుగో అయిదో పెట్టిన."

"పెట్టిన్రు. ఆ సంగతి నాకెట్ల తెల్వాలె?" ఆయన గొంతులో కోపం లేదు. "ఆమె తప్పు కండ్లకు కనవడుతుంది, దిద్దొచ్చు. మీరు సరిగ్గనే పెట్టి ఉంటరు. ఏడ చూసుకోవాలె నేను?"

దోమతెరల నాటి నుంచీ ఆమె బాక్సు నింపలేదు. ఏ సూపర్‌వైజరూ అడగలేదు. అంకె తెలిసినప్పుడు మాట ఎందుకని ఆమె అనుకునేది. ఇప్పుడు ఇంకో సంగతి తట్టింది. తన ఫారాల తనిఖీ దేవిది. ఆ ఖాళీలన్నీ దేవి చూసే ఉంటుంది. వారం రోజులుగా చూసి, నోరు మెదపలేదు. తల ఎత్తితే దేవి కిటికీ వైపు చూస్తోంది. తప్పు పట్టినప్పటి కంటే ఆ చూపు మరల్చుకోవడం ఎక్కువ గుచ్చుకుంది. మంచితనంలో కూడా ఆ పిల్లే ముందుంది.

సోమవారం హరికిషన్ సార్ దేవిని సూపర్‌వైజర్‌ను చేశాడు. ముప్పై ఒక్క జవాబులనూ ఇద్దరూ కలిసి మళ్లీ చూడాలని చెప్పాడు.

కింద దుకాణంలో మిషన్లు ఆడుతున్నాయి. దేవి బాక్సులోని మాట చదువుతుంది. కల్పలత అడుగుతుంది, ఎట్ల అన్నడు, నవ్వుకుంట అన్నడా, కింద చూసుకుంట అన్నడా అని. దేవి చెబుతుంది. ఈయన చొక్కా గుండీ తిప్పుతూ అన్నాడు. ఈవిడ పొయ్యి కట్టేసి వచ్చి అంది. ముప్పై ఒక్క ముఖాలూ దేవికి గుర్తున్నాయి. కల్పలత విని అంకె చెబుతుంది. నాలుగు. అయిదు. ఇది మాత్రం రెండే, ఈయన నిజంగనే జెర అన్నడు. మధ్యలో తన ఇళ్లలో ఒక్క ముఖాన్నయినా తలుచుకోవాలని చూసింది. గుమ్మాలు గుర్తొచ్చాయి. తలుపుల రంగులు గుర్తొచ్చాయి.

చివరి ఫారం అయిపోయింది. దేవి పెన్సిలు కింద పెట్టలేదు.

"అప్పా. నాకు సూపర్‌వైజర్ ఇచ్చారు కదా. మీకెలా ఉంది?"

ఏమీ లేదని అనవచ్చు. సంతోషమే అనవచ్చు. కల్పలత బల్ల అంచున ఊడిన చెక్కపేడును గోటితో గీకింది. దాని వైపే చూస్తూ అంది.

"జెర మండుతది."

దేవి నవ్వలేదు. ఓదార్చనూ లేదు. మిగిలిన ఖాళీ ఫారాల్లో ఒకటి దగ్గరికి లాక్కుంది. పద్నాలుగో ప్రశ్న దగ్గర అయిదుకు సున్నా చుట్టింది. కింద బాక్సులో, విన్నది విన్నట్టు, గుండ్రంగా రాసింది. కాగితాన్ని కల్పలత వైపు తిప్పింది.

కల్పలత అంకె చూసింది. మాట చదివింది. తప్పు లేదు.

అడుగున తనిఖీ చేసినవారి పేరు అని ఒక గీత ఉంది. ఇన్నేళ్లూ అక్కడ పొడి అక్షరాలు గిలికేది. పెన్సిలు అడిగి తీసుకుంది. ఇంటిపేరుతో సహా, తన పేరు మొత్తం రాసింది.