తువ్వాల కింద చెప్పిన పేరు

మొగిలమ్మను ముందు వరుసలో కూర్చోబెట్టి, వెంకట్రాజం ఆమె చెవి దగ్గర వంగి, "ఇగ చూడు చెల్లె, మనోని పేరు తెర మీద పడ్తది. నలుగురు వింటరు" అన్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. మొగుడు కుమారస్వామి చనిపోయిన నాటి నుంచి పద్నాలుగేళ్ళుగా మిరపకాయల తొడిమలు తీసి బతుకుతున్న మనిషికి దగ్గు ఒకంతట ఆగదు.

హనుమకొండలో ఒక అద్దె హాలు, మధ్యాహ్నం మూడు గంటల వేళ. మిర్చి యార్డు నుంచి రెండు ట్రాలీ ఆటోల నిండా హమాలీలను, దడ్వాయిలను తోలుకొచ్చాడు వెంకట్రాజం. దడ్వాయి అంటే కాంటా దగ్గర నిలబడి బస్తాలు తూచేవాడు. ఆయనా నలభై ఏళ్ళు అదే పని చేసి, మోకాళ్ళు అరిగి మూడేళ్ళ కింద మానుకున్నాడు. పని మానినా, పొద్దున్నే యార్డుకు పోయి నలుగురి నడుమ చాయ్ తాగితే గాని ఆయనకు తెల్లవారదు.

వేసింది మామూలు సినిమా కాదు, డాక్యుమెంటరీ. ఇప్పుడు ఊరంతా ఫోన్లలో ఆడుతున్నదే, నిజం క్రికెటర్లను పదకొండు మందిని ఏరుకుని ఉత్తుత్తి టీము కట్టే ఆట, అది అసలు ఎక్కడ పుట్టిందో చెప్పే చిత్రం. తీసింది హైదరాబాదు పిల్ల తేజస్వి.

చిత్రం అమెరికాలో మొదలైంది. బేస్‌బాల్ అని వాళ్ళదొక బంతాట. ఎవరో కొందరు స్నేహితులు హోటల్లో కూర్చుని, ఆ ఆటగాళ్ళను కాగితం మీద కొనుక్కుని, పేపర్లో పడ్డ అంకెలతో గెలుపోటములు తేల్చుకున్నారట. ఇరవై నిమిషాలు అదే గోల. నిజానికి ఇందులో వింతేమీ లేదు. చేతికి పని లేనప్పుడు మనిషి బుద్ధి ఏ దేశంలోనైనా ఒకటే దారి పడుతుంది. ఈ జిల్లాలో పాడుబడ్డ గుళ్ళ అరుగుల మీద పులిజూదం గళ్ళు చెక్కి ఉంటాయి. ఎండకు అక్కడ చేరినవాళ్ళంతా ఆడి పోతారు. చెక్కినవాడి పేరు ఏ అరుగూ చెప్పదు.

మిర్చి యార్డులో మాత్రం ఈ కాగితం ఆటకు గళ్ళు గీసినవాడెవరో అందరికీ తెలుసు. ఎనభై ఏడు వానాకాలం. సరుకు రాక కాంటాలకు తుప్పు పడుతోంది. రేకుల షెడ్డు కింద, వెంకట్రాజానికి జోడీగా తూకం వేసే కుమారస్వామి చాయ్ హోటలు పేపర్లో క్రికెట్ పేజీ పరిచి, "అరే, వీళ్ళందరు మన కూలోళ్ళే అనుకోర్రి. ఎవనికి ఎవలు గావాల్నో కొనుక్కోర్రి" అన్నాడు. తలా నూరు చింతపిక్కలు పంచాడు. పరుగుకు ఒక పాయింటు, వికెట్టుకు ఇరవై, క్యాచికి పది. మర్నాటి పేపరే తీర్పు. ఎండాకాలం వచ్చేసరికి షెడ్డులో పద్నాలుగు టీములు.

ఆటగాళ్ళ బేరం అరుపులతో కాదు, తువ్వాల కింద. పాత వర్తకులకు అదొక విద్య. చేతుల మీద గుడ్డ కప్పి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు. బర్మాలో పచ్చరాళ్ళు అమ్మేవాళ్ళూ, గల్ఫులో ముత్యాలు అమ్మేవాళ్ళూ అంతే చేసేవారు. నోటితో పాడేది పదిమంది కోసం. అసలు మాట గుడ్డ కింద. యార్డులో పెరిగినవాడికి ఇది ఊపిరంత అలవాటు.

ఇక కుమారస్వామి చావు సంగతి. రెండు వేల పదకొండు ఏప్రిల్ రెండు, ప్రపంచ కప్పు ఫైనల్ నాడు, ఒక కోల్డ్ స్టోరేజీలో తూకం వంతు వెంకట్రాజానిది. "నువ్వు పోయి ఆట చూడుపో. నీ పేరు మీద నేను నిలబడ్త. వచ్చినంక బాలు బాలు చెప్పాలె" అన్నాడు కుమారస్వామి. హాజరు పిలిచినప్పుడు వెంకట్రాజం పేరుకు తానే పలికాడు. సాయంత్రం పేర్చిన బస్తాలు కూలి మీద పడ్డాయి. హాజరు పట్టీలో పేరు లేనివాడు పని మీద ఎట్లా చస్తాడన్నారు యజమానులు. తాగి లోపలికి దూరాడని రాసుకున్నారు. వెంకట్రాజం నోరు తెరిస్తే తన దడ్వాయి లైసెన్సు పోతుంది. తెరవలేదు. ఆనాటి నుంచి కుమారస్వామి పేరు ఆయన గట్టిగా పలికింది కూడా లేదు.

అందుకే తేజస్వి కెమెరా తీసుకుని వచ్చినప్పుడు దేవుడే పంపాడనుకున్నాడు. దస్త్రంలో తాగుబోతుగా మిగిలినవాడు, తెర మీదనైనా ఒక ఆట కనిపెట్టినవాడిగా నిలవాలి. తేజస్వి ఆయన కాలరుకు చిన్న మైకు తగిలించింది. చింతపిక్కల కథ, పాయింట్ల కథ గలగలా చెప్పాడు. ప్రతి మాటకూ "మా జోడి, మా జోడి" అన్నాడే గాని పేరు చెప్పలేదు. చివరికి ఆ పేరు, ఆ ఏప్రిల్ దినం వచ్చేసరికి, భుజం మీది తువ్వాల తీసి మెడ చుట్టూ, గుండెల మీదా నిండుగా కప్పుకుని, గొంతు తగ్గించి పావుగంట చెప్పాడు. అసలు మాట కదా మరి. ఆ పిల్ల కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

ఇప్పుడు తెర మీద వెంకట్రాజం రానే వచ్చాడు. రమాకాంత్ అనే హమాలీతో కలిసి తువ్వాల కింద వేళ్ళు నొక్కుతున్నాడు. వెనక కోతులాడించేవాడి డప్పులాంటి సంగీతం. కింద అక్షరాలు: వరంగల్ మిర్చి వ్యాపారులు.

"ఓ సేటూ! ఎన్నడైనవే వ్యాపారివి?" అని వెనక నుంచి ఒక కేక. హాలంతా నవ్వు. ఆయన తెర మీద ఉన్నది నలభై సెకన్లు. ఆ తరువాత బెంగుళూరు అద్దాల మేడలు, లాప్‌టాపులు, ఇంగ్లీషు. దీపాలు వెలిగాయి.

"గింత దూరం తోలుకొచ్చి అమెరికోల్ల బంతి చూపిస్తివి గదనే, అన్నా" అన్నాడు రమాకాంత్ ఒళ్ళు విరుచుకుంటూ. "కుమారస్వామన్న ఏడి?"

వెంకట్రాజం మెట్ల దగ్గర తేజస్విని పట్టుకున్నాడు. "ఏంది బిడ్డా గిది?"

"సారీ అంకుల్. మీరు టవల్ మైక్ మీద కప్పేశారు. పావుగంట పాటు ఉత్త గరగరే వచ్చింది. మీరు చెప్తుంటే నాకూ ఏడుపొచ్చి, హెడ్‌ఫోన్ పెట్టుకోలేదు. పేరు లేకుండా ఎవరి కథో ఎలా పెట్టను?"

"మల్ల చెప్త. ఇప్పుడే చెప్త."

"అయిపోయింది అంకుల్. ఇంక మార్చలేం." ఎవరో పిలిస్తే ఆమె వెళ్ళిపోయింది.

వెనక దగ్గు వినిపించింది. మొగిలమ్మ. "ఏం చెప్పినవే అన్నా, గా పిల్లకు? పావుగంట సేపు చెప్పినవంట."

ఆయన చేయి భుజం మీది గుడ్డ మీదికి పోయింది.

"అది కప్పకు. చెప్పు."

చెప్పాడు. తన వంతని, తన పేరుకు వాడు పలికాడని, తాను ఆట చూస్తూ కూర్చున్నానని. 

"నాకెర్కే" అంది. "పొద్దుగాల పోతపోత చెప్పే పోయిండు, వెంకట్రాజం బదులు పోతాన అని. నేనంటే ఎవలు నమ్ముతరు, పెండ్లాం మాట? నువ్వు చెప్తవని చూసిన. దినాలకు చెప్తవనుకున్న. సంవత్సరీకానికి చెప్తవనుకున్న. పండుగకు చీరె తెస్తివి, చెప్పవైతివి. ఆఖరికి కెమెరాకు చెప్పినవ్. నాకు చెప్పలే."

"తప్పయింది చెల్లె."

"నాకెందుకు, నాకు తెల్సిందే." ఆమె ఆటోల వైపు గడ్డంతో చూపింది. హమాలీలు కాగితపు గ్లాసుల్లో చాయ్ తాగుతూ నవ్వుకుంటున్నారు. "ఆయనను తాగుబోతోడన్నది వాళ్ళు విన్నరు. పో, వాళ్ళకు చెప్పు."

వెంకట్రాజం మెట్లు దిగాడు. అయిదు మెట్లు. దిగడానికి చాలాసేపు పట్టింది. "రమాకాంతూ, జర అందరు ఇనుర్రి" అన్నాడు. తరువాత, పద్నాలుగేళ్ళకు మొదటిసారి, రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా తిరిగి చూసేంత గట్టిగా, "కుమారస్వామి తాగలే" అన్నాడు. మిగిలినదంతా అదే గొంతుతో చెప్పాడు.

  రమాకాంత్ తన గ్లాసులో చాయ్ మట్టిలో పారబోసి ఆటో ఎక్కాడు. మిగిలినవాళ్ళూ ఎక్కారు. ముందు సీటు మొగిలమ్మకు ఇచ్చారు. రెండో ఆటోలో చోటుంది. రమ్మని ఎవరూ అనలేదు, ఆయనా అడగలేదు.

మర్నాడు పొద్దున వెంకట్రాజం ఎప్పటిలాగే యార్డుకు పోయాడు. బెంచీ మీద నలుగురున్నారు. చోటివ్వడానికి ఎవరూ జరగలేదు. ఆయన నిలబడే చాయ్ తాగాడు.