జిగురు కలపని బొమ్మ

నా చిన్నప్పుడు, కువైట్‌ను ఇరాక్ ఆక్రమించుకున్న ఆ కొన్ని నెలలూ, మా నాయన ఎప్పుడు చూసినా ఆకాశం వైపే చూస్తుండేవాడు. విమానాల భయం కాబోలనుకునేదాన్ని. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

మాది కడప వైపు పల్లె. నాయన కువైట్‌లోని సాల్మియాలో దుకాణాల బోర్డులు రాసేవాడు. అమ్మ ఆసుపత్రిలో ఆయా. రోగులను వదిలి రాలేనని ఆమె పట్టుబట్టడంతో మనవాళ్లు చాలామంది బస్సులెక్కి వెళ్లిపోయినా మేం ఉండిపోయాం. ఒకరోజు ఇరాక్ సైనికులొచ్చి నాయనను తీసుకెళ్లారు. వీధి మలుపులో రొట్టెల కొట్టు గోడ మీద కువైట్ రాజుగారి బొమ్మ ఉండేది. దాని మీద సున్నం కొట్టి తమ అధ్యక్షుడి బొమ్మ వేయమన్నారు. తుపాకి పట్టుకుని అడిగితే కాదనేదెవరు?

నాలుగు రోజులు వేశాడు. ఎంత బాగా కుదిరిందో! ఆ మీసం, ఆ చూపు, గోడలోంచి మనిషే లేచి వస్తాడేమో అనిపించేది. నాయన వేసినవాటిలో అంత పెద్ద బొమ్మ మరొకటి లేదు. నాకు గర్వంతో కాళ్లు నేల మీద ఆనేవి కావు.

పక్కింటి అరబ్బు అవ్వ కొడుకును సైనికులు పట్టుకుపోయి అప్పటికి నెల. గోడ మీద బొమ్మ వేశాక ఆమె రొట్టెలకు తాను వెళ్లడం మానేసి నన్ను పంపేది. మోకాళ్ల నొప్పులేమో అనుకున్నాను. పరుగున వెళ్లి, బొమ్మ ముందు కాసేపు నిలబడి మరీ వచ్చేదాన్ని.

చలికాలం వచ్చింది. మబ్బు పడితే చాలు, నాయనకు ఒకచోట కాలు నిలిచేది కాదు. ఒక మధ్యాహ్నం ఏటవాలుగా నాలుగు చినుకులు పడగానే చెప్పులైనా లేకుండా పరుగెత్తాడు. వెనకే నేను. బొమ్మ చెంప మీద రంగు చారగా జారుతోంది. చొక్కా అంచుతో దాన్ని అద్ది సరిచేసి, "ఎవురికన్నా చెప్తే మన ప్రాణాలు పోతాయి పాపా" అన్నాడు. ఏం చెప్పకూడదో నాకు అర్థం కాలేదు.

సైనికులు పారిపోయిన మర్నాడు నాయన బకెట్‌తో నీళ్లు, పాతగుడ్డలు పట్టుకుని గోడ దగ్గరికి బయల్దేరాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చాను.

"ఇంత బాగా ఏసినావు గదా నాయనా, ఏమిటికి తుడిపేస్తావు?"

"బాగుండాదని నాకూ తెలుసులే. నువ్వు బొమ్మను చూస్తివి గానీ, దాని ముందర నడవలేనోళ్లను చూడకపోతివి. అవ్వ నిన్ను రొట్టెలకు పంపింది కాళ్ల నొప్పికి కాదు."

తడిగుడ్డ తగలగానే మీసం కరిగి నీళ్లలా కారింది. నీళ్లకు చెదరకుండా రంగును గోడకు పట్టి ఉంచే జిగురే కలపలేదట. ఎప్పటికైనా తుడిచేయాలని వేసేటప్పుడే అనుకున్నానన్నాడు. మబ్బులకు ఆయన ఎందుకంత అల్లాడాడో అప్పటికి గాని నాకు తెలియలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆయన రెండో గుడ్డ నా చేతికిచ్చాడు. నేనూ తుడిచాను.

సాయంత్రం అవ్వ తనంతట తానే రొట్టెలకు వచ్చింది. తడిగోడను అరచేత్తో తడిమి, చాలాసేపు ఏడ్చింది. ఆమె కొడుకు ఇక రానేలేదు.

ఇప్పుడు ఏ కూడలిలోనైనా విగ్రహం ఉంచాలా తీయాలా అని గొడవ జరిగితే, చరిత్ర గురించీ చెక్కినవాడి పనితనం గురించీ మాట్లాడేవాళ్లు బోలెడుమంది. నేను మాత్రం దాన్ని చూడలేక చుట్టుదారిన పోతున్నవాళ్లు ఎవరని అడుగుతాను.